పాత మోటార్‌ సైకిల్ స్టార్ట్ కాకపోతే: విద్యుత్ లోపాన్ని మెట్టు మెట్టుగా పట్టుకునే విధానం

తాళం తిప్పగానే న్యూట్రల్ లైటు వెలుగుతుంది, హారన్ కూడా మోగుతుంది, కానీ సెల్ఫ్ బటన్ నొక్కితే సీటు కింద ‘టక్’ అన్న చప్పుడు తప్ప ఇంజిన్ కదలదు. ఇటువంటప్పుడు మొదట వినిపించే సలహా బ్యాటరీ మార్చమని. అది మార్చినా పని జరగకపోతే రిలే (సెల్ఫ్ మోటార్‌కు కరెంటును కలిపే స్విచ్), ఆ తరువాత సి.డి.ఐ. (సరైన క్షణంలో స్పార్క్ పుట్టించే ఎలక్ట్రానిక్ పెట్టె), చివరికి వైరింగ్ మొత్తం మార్చమంటారు. ఇలా ఒక్కొక్క భాగాన్నీ అనుమానం మీద మార్చుకుంటూ పోతే అసలు లోపం ఉన్నచోటే ఉండిపోతుంది, కొత్తగా వేసిన బ్యాటరీ కూడా త్వరలోనే దెబ్బతింటుంది. వయసు మీరిన బండ్లలో భాగాలు చెడిపోవడం కంటే, భాగాలను కలిపే అతుకులు చెడిపోవడమే ఎక్కువ. చిలుము పట్టిన టెర్మినల్, వదులైన ఎర్త్ బోల్టు (బ్యాటరీ మైనస్ తీగను ఫ్రేముకో ఇంజిన్‌కో కలిపేది), తడి చేరిన కప్లర్ (తీగలను జత చేసే ప్లాస్టిక్ అతుకు), లోపల మాడిన రిలే కాంటాక్ట్ వంటి వాటిని కంటితో చూసి గుర్తుపట్టడం కష్టం. మీటరు పెట్టి కొలిస్తే మాత్రం అవి దాగలేవు. కాబట్టి ఏ భాగమూ కొనకముందే వోల్టేజీ ఎక్కడిదాకా వస్తున్నదో, ఎక్కడ ఆగిపోతున్నదో కొలిచి తేల్చుకోవడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ వివరణ 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.-6 నిబంధనలు రాకముందు తయారైన, కార్బురేటరు ఉన్న, 12 వోల్టుల బండ్లను ఉద్దేశించినది. సెల్ఫ్, కిక్ రెండూ ఉన్న స్ప్లెండర్, ప్యాషన్, పల్సర్ తరగతి బండ్లకు ఇది నేరుగా వర్తిస్తుంది. పాయింట్లతో (స్పార్క్ కోసం కలుస్తూ విడిపోతూ ఉండే కాంటాక్ట్‌లతో) పనిచేసే పాత బుల్లెట్ తీరు వేరు కాబట్టి దానికి విడిగా ఒక భాగం కేటాయించాను. మరీ పాత బుల్లెట్లు 6 వోల్టులవి. వాటికి ఇక్కడి బ్యాటరీ అంకెలను సగం చేసి చూసుకోవాలి.

దగ్గర ఉంచుకోవలసినవి, జాగ్రత్తలు

ఖరీదైన పరికరాలేవీ అవసరం లేదు. ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్, స్పానర్లు, స్క్రూడ్రైవర్, ప్లగ్ స్పానర్, సన్నని ఉప్పు కాగితం, పాత టూత్ బ్రష్, కొంచెం వాసలీన్, పనిచేస్తుందని తెలిసిన ఒక స్పార్క్ ప్లగ్ ఉంటే చాలు. రెండు తీగలు అతికించిన 12 వోల్టుల ఇండికేటర్ బల్బు కూడా ఒకటి ఉంటే మరీ మంచిది. మీటరు వోల్టేజీని చూపిస్తుంది కానీ ఆ తీగ నిజంగా కరెంటు మోయగలదా అన్నది చెప్పదు. బల్బు వెలిగిందంటే కనీసం ఆ బల్బుకు కావలసినంత మోయగలదన్నమాట; సెల్ఫ్ లావు తీగలకు మాత్రం ఈ పరీక్ష చాలదు.

బండిని మెయిన్ స్టాండు మీద, న్యూట్రల్‌లో, గాలి ఆడే చోట నిలపండి. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ తీగను ముందు తీయాలి, బిగించేటప్పుడు దాన్నే చివర బిగించాలి. ప్లస్ బోల్టు తిప్పుతున్న స్పానరు పొరపాటున ఫ్రేముకు తగిలినా అప్పుడు షార్ట్ కాదు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి చార్జింగును పరీక్షించే పద్ధతి కొన్నిచోట్ల ఇంకా కనిపిస్తుంది. ఒక్కసారిగా పెరిగే వోల్టేజీ వల్ల సి.డి.ఐ., రెక్టిఫయర్ (ఇంజిన్ నుంచి వచ్చే కరెంటును బ్యాటరీకి తగినట్లు మార్చేది), బల్బులు పోతాయి కనుక ఆ పని ఎప్పుడూ చేయకండి. ఫ్యూజు పోతే అదే ఆంపియర్ల ఫ్యూజునే వేయాలి. రాగి తీగ చుట్టి నడిపిస్తే ఫ్యూజుకు బదులు సీటు కింది వైరింగ్ కాలుతుంది, ఆ పక్కనే పెట్రోలు ట్యాంకు ఉంటుంది.

మొదటి మెట్టు: లోపం ఏ వైపున ఉందో తేల్చుకోవడం

స్టార్ట్ కావడం అనేది నిజానికి రెండు వేరువేరు పనులు. ఇంజిన్‌ను తిప్పడం ఒకటి, సరైన క్షణంలో స్పార్క్ ఇవ్వడం రెండోది. బ్యాటరీ, లావు తీగలు, రిలే, సెల్ఫ్ మోటార్ మొదటి దానికి సంబంధించినవి. ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ కాయిల్, స్పార్క్ క్షణాన్ని తెలిపే పికప్ కాయిల్, సి.డి.ఐ., ప్లగ్‌కు ఎక్కువ వోల్టేజీ ఇచ్చే హెచ్.టి. కాయిల్, ప్లగ్ రెండోదానికి చెందుతాయి. ఏది చెడిందో తెలియకుండా రెండింటినీ కలిపి వెతకడం వల్లనే కాలమంతా వృథా అవుతుంది.

కిల్ స్విచ్ ‘ఆన్’ వైపు ఉందా, పెట్రోలు కాక్ తెరిచి ఉందా, సైడ్ స్టాండు స్విచ్ ఉన్న బండి అయితే స్టాండు పైకి లేచి ఉందా అన్నవి ముందు చూసుకోండి. తరువాత కిక్ కొట్టండి. కిక్‌కు వెంటనే అందుకుని సెల్ఫ్‌కు మాత్రం కదలకపోతే స్పార్క్ వైపు అంతా బాగున్నట్లే; రెండో మెట్టు నుంచి ఐదో మెట్టు వరకు చూస్తే చాలు. సెల్ఫ్ చురుగ్గా తిప్పుతున్నా ఇంజిన్ అందుకోకపోతే నేరుగా ఆరో మెట్టుకు వెళ్లండి. మోటార్ గిర్రున తిరుగుతున్న శబ్దం వస్తూ ఇంజిన్ మాత్రం తిరగకపోతే అది విద్యుత్ లోపమే కాదు. మోటార్‌ను క్రాంక్‌తో కలిపే వన్ వే క్లచ్ అరిగిపోయి జారుతున్నదని అర్థం, దానికి ఇంజిన్ పక్క కవరు విప్పవలసి ఉంటుంది.

మరొక లక్షణం చాలామంది గమనించరు. సెల్ఫ్ నొక్కి ఉంచినంతసేపూ అందుకోని ఇంజిన్, బటన్ వదిలిన క్షణంలో ఒక్కసారి పుంజుకుని స్టార్ట్ అవుతుంది. బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునే సి.డి.ఐ. ఉన్న బండ్లలో ఇది కనిపిస్తుంది. మోటార్ లాగుతున్నప్పుడు వోల్టేజీ బాగా పడిపోయి సి.డి.ఐ. పనిచేయదు; బటన్ వదలగానే వోల్టేజీ తిరిగి లేస్తుంది, ఇంజిన్ ఇంకా ఆ ఊపులో తిరుగుతూ ఉంటుంది కనుక అందుకుంటుంది. ఈ లక్షణం కనిపిస్తే సి.డి.ఐ.ని అనుమానించనక్కరలేదు, బ్యాటరీని, లావు తీగలను చూడాలి.

రెండో మెట్టు: బ్యాటరీ

మీటరును డి.సి. 20 వోల్టుల మీద పెట్టి, ముళ్లను (మీటరు తీగల చివరి మొనలను) తీగ టెర్మినళ్ల మీద కాకుండా బ్యాటరీ సొంత పోస్టుల మీదే ఆనించి కొలవాలి. అప్పుడే నడిపి ఆపిన బండిలోనూ, చార్జరు నుంచి తీసిన బ్యాటరీలోనూ పైపై వోల్టేజీ ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి కొన్ని గంటలు వదిలేయండి, లేదా బ్రేకు లైటు, ఇండికేటర్లు ఒకటి రెండు నిమిషాలు వెలిగించి ఆపి ఆ తరువాత కొలవండి. నిండుగా చార్జయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 నుంచి 12.8 వోల్టులు చూపిస్తుంది. 12.4 అంటే సుమారు ముప్పాతిక వంతు. 12 దగ్గరకు వచ్చిందంటే దాదాపు ఖాళీ అయినట్లే. పన్నెండు వోల్టుల బ్యాటరీ పన్నెండు చూపిస్తోంది కదా అని దాన్ని మంచిదిగా లెక్కించడం చాలా చోట్ల జరిగే పొరపాటు.

హెడ్‌లైటు వెలుగును చూసి బ్యాటరీని అంచనా వేయడం కూడా పనికిరాదు. పాత 100 సి.సి. బండ్లలో చాలావాటికి హెడ్‌లైటు మ్యాగ్నెట్ నుంచి నేరుగా వచ్చే ఎ.సి. కరెంటుతో వెలుగుతుంది. అందుకే ఆక్సిలరేటర్ ఇచ్చినకొద్దీ ప్రకాశిస్తుంది, ఇంజిన్ ఆగితే ఆరిపోతుంది. అటువంటి బండిలో బ్యాటరీ మీద నడిచేవి హారన్, ఇండికేటర్లు, బ్రేకు లైటు వంటివే.

నిశ్చలంగా ఉన్నప్పటి వోల్టేజీ సగం కథే. ముళ్లను పోస్టుల మీదే ఉంచి, మరొకరిని సెల్ఫ్ నొక్కమని, ఆ రెండు మూడు సెకన్లలో అంకె ఎంతకు దిగుతున్నదో చూడండి. 10 వోల్టుల పైన నిలిస్తే బ్యాటరీ సత్తువ ఉన్నట్లే. 9.5 కంటే కిందికి పోతే ముందు పూర్తిగా చార్జి చేసి మళ్లీ పరీక్షించాలి. చార్జి చేశాక 12.7 చూపించి, సెల్ఫ్ నొక్కగానే 6 కో 7 కో కూలిపోతే లోపలి ప్లేట్లు గట్టిపడిపోయినట్లు. ఆ బ్యాటరీని మార్చక తప్పదు. సెల్ఫ్ నొక్కినా అంకె 12.5 దగ్గరే కదలకుండా ఉంటే అసలు కరెంటే ప్రవహించడం లేదు. ఇక్కడ బ్యాటరీ నిర్దోషి, దారి ఎక్కడో తెగింది.

నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే ప్రతి గదిలోనూ మట్టం పై గీతకు, కింది గీతకు మధ్య ఉండాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, యాసిడ్ పోయకూడదు. చార్జింగు కరెంటు బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు ఉండాలన్నది పాత నియమం, ఇప్పటికీ అదే మంచిది: 5 ఆంపియర్ అవర్ బ్యాటరీకి అర ఆంపియరు, 9 దానికి 0.9 ఆంపియరు. కారు బ్యాటరీల కోసం పెట్టిన చార్జరుకు చిన్న బ్యాటరీని తగిలించి గంటలో నింపించుకుంటే అది వేడెక్కి ప్లేట్లు వంగుతాయి.

పోస్టుల మీద తెల్లటి, పచ్చటి చిలుము ఉంటే బ్యాటరీని బయటకు తీసి, గదుల మూతలన్నీ బిగించి, వంట సోడా కలిపిన నీళ్లతో బ్రష్ చేయండి. ఆ నీళ్లు గదుల్లోకి పోకూడదు. తుడిచి ఆరబెట్టాక పోస్టును, తీగ టెర్మినల్‌ను లోహం మెరిసేదాకా ఉప్పు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, ఆ తరువాత పైన వాసలీన్ పూయండి.

మూడో మెట్టు: దారిలో పోతున్న వోల్టేజీ

ఈ మార్గదర్శి మొత్తానికి ఇదే ముఖ్యమైన భాగం, ఎక్కువ సమయం ఇక్కడే వెచ్చించండి. హారన్ మోగుతుండగా సెల్ఫ్ ఎందుకు తిరగదో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఎర్త్ బోల్టు దగ్గర తుప్పు వల్ల 0.05 ఓమ్ అడ్డంకి ఏర్పడిందనుకుందాం. 10 వాట్ల ఇండికేటర్ బల్బు లాగేది ఒక ఆంపియరు లోపే, అంటే ఆ అతుకు దగ్గర పోయేది సుమారు 0.04 వోల్టు. బల్బు వెలుగులో మీకు తేడాయే తెలియదు. అదే అతుకు గుండా సెల్ఫ్ మోటార్ 60 ఆంపియర్లు లాగబోతే 3 వోల్టులు అక్కడే పోతాయి. బ్యాటరీ 10.5 ఇస్తున్నా మోటార్‌కు అందేది 7.5 మాత్రమే, దానితో అది మూలిగి ఆగిపోతుంది. 0.05 ఓమ్‌ను మామూలు మల్టీమీటర్ ఓమ్ స్కేలు మీద పట్టుకోవడం సాధ్యం కాదు, దాని సొంత తీగల నిరోధమే అంతకంటే ఎక్కువ. కాబట్టి తీగ రెండు చివరలూ తాకించి ‘బీప్’ వచ్చింది కనుక తీగ బాగుందని తేల్చేయకూడదు. కరెంటు ప్రవహిస్తుండగా వోల్టేజీ తేడాను కొలవడమే నమ్మదగిన పరీక్ష.

కొలిచే ముందు ఇంజిన్ స్టార్ట్ కాకుండా చూసుకోవాలి. ప్లగ్ క్యాప్ తీసి దానికి మరొక ప్లగ్ తొడిగి, ఆ ప్లగ్ లోహపు ఒంటిని ఇంజిన్ రెక్కలకు గట్టిగా తగిలేలా కట్టండి; క్యాప్‌ను ఊరికే గాలిలో వదిలేస్తే కాయిల్‌కు, సి.డి.ఐ.కి హాని. కిల్ స్విచ్ ఆపితే చాలదా అంటే, కొన్ని బండ్లలో అది సెల్ఫ్‌ను కూడా ఆపేస్తుంది. సెల్ఫ్‌ను ఒక్కోసారి 5 సెకన్లకు మించి నొక్కకండి, మధ్యలో మోటార్ చల్లారనివ్వండి.

ముందు ఎర్త్ వైపు. మీటరు నల్ల ముల్లును బ్యాటరీ మైనస్ పోస్టు నడిమధ్యన, ఎర్ర ముల్లును సెల్ఫ్ మోటార్ ఒంటి మీద రంగు లేని చోట ఆనించి సెల్ఫ్ నొక్కించండి. 0.2 వోల్టు లోపు ఉంటే ఎర్త్ బాగుంది. అర వోల్టు దాటితే ఖచ్చితంగా లోపం ఉంది. ఇప్పుడు నల్ల ముల్లును కదపకుండా ఎర్ర ముల్లును ఒక్కో చోటికి వెనక్కు జరపండి: ముందు ఇంజిన్ కేసు, తరువాత ఫ్రేముకు లేదా ఇంజిన్‌కు ఎర్త్ తీగ బిగించిన బోల్టు, తరువాత ఆ తీగ చివరి లగ్ (బోల్టు కింద బిగించే లోహపు రింగు), చివరికి పోస్టుకు తొడిగిన టెర్మినల్. ఏ రెండు చోట్ల మధ్య అంకె ఒక్కసారిగా తగ్గిందో ఆ రెంటి మధ్యే జబ్బు ఉంది. ఫ్రేముకు కొత్తగా రంగు వేయించిన బండ్లలో ఇది ఎక్కువగా ఎర్త్ బోల్టు దగ్గరే దొరుకుతుంది, ఎందుకంటే రంగు మీదనే లగ్ పెట్టి బిగించేస్తారు. కాకినాడ, విశాఖ వంటి తీర పట్టణాల్లో ఉప్పు గాలికి అదే చోట చిలుము చేరుతుంది. బోల్టు విప్పి, లగ్ రెండు వైపులా, అది ఆనే లోహాన్నీ గీకి శుభ్రం చేసి బిగించండి.

తరువాత ప్లస్ వైపు. ఎర్ర ముల్లు ప్లస్ పోస్టు మీద, నల్ల ముల్లు సెల్ఫ్ మోటార్ తీగ బోల్టు మీద పెట్టి నొక్కించండి. మొత్తం మీద అర వోల్టు లోపు ఉండాలి. ఎక్కువ ఉంటే పోస్టు నుంచి రిలే మొదటి బోల్టు వరకు, రిలే రెండు బోల్టుల మధ్య, రిలే రెండో బోల్టు నుంచి మోటార్ వరకు విడివిడిగా కొలవండి. ఉదాహరణకు మొదటి చోట 0.1, రెండో చోట 2.4, మూడో చోట 0.1 వచ్చాయంటే తీగలు రెండూ బాగున్నాయి, రిలే లోపలి కాంటాక్ట్ మాడిపోయింది. అది ‘టక్’ అంటూనే ఉంటుంది, కరెంటును మాత్రం సరిగ్గా దాటనివ్వదు. ఈ ఒక్క కొలత లేనందువల్లే మంచి బ్యాటరీలు ఎన్నో తక్కువ ధరకు పాత సామాన్లలోకి పోతున్నాయి.

నాలుగో మెట్టు: రిలే, దానికి వచ్చే సన్న తీగలు

రిలేకు రెండు లావు బోల్టులు, రెండు సన్న తీగలు ఉంటాయి. సన్న తీగలకు 12 వోల్టులు అందితే లోపలి కాయిల్ అయస్కాంతమై లావు బోల్టులను కలుపుతుంది. ‘టకటకటక’ అని వరుసగా కొట్టుకుంటే వోల్టేజీ చాలడం లేదన్నమాట. కలిసిన ప్రతిసారీ వోల్టేజీ కూలి కాయిల్ వదిలేస్తుంది, వదలగానే మళ్లీ లేచి కలుస్తుంది. దీనికి రెండో మెట్టూ మూడో మెట్టూ మందు. ఒక్కసారే ‘టక్’ మని ఊరుకుంటే రిలే కాంటాక్ట్ లేదా మోటార్. చప్పుడే లేకపోతే సన్న తీగల దారిని వెతకాలి.

సెల్ఫ్ నొక్కి ఉంచి ఆ రెండు సన్న తీగల మధ్య కొలవండి. 12 వోల్టుల దగ్గర ఉండి కూడా చప్పుడు లేకపోతే రిలే కాయిల్ తెగింది, రిలే మార్చాలి. వోల్టేజీ లేకపోతే ఏ వైపు తెగిందో చూడండి: ఒక్కో తీగనూ ముందు బ్యాటరీ మైనస్‌తో, తరువాత ప్లస్‌తో కొలిస్తే ప్లస్ అందడం లేదో, ఎర్త్ అందడం లేదో తెలిసిపోతుంది. ప్లస్ అందకపోతే ఫ్యూజు, తాళం స్విచ్, హ్యాండిల్ మీది సెల్ఫ్ బటన్ వరుసగా చూడాలి. ఎర్త్ అందకపోతే చాలా బండ్లలో కారణం క్లచ్ స్విచ్ లేదా న్యూట్రల్ స్విచ్ అవుతుంది. న్యూట్రల్‌లో సెల్ఫ్ పనిచేయక, క్లచ్ పట్టుకుంటే పనిచేస్తే న్యూట్రల్ స్విచ్ తీగను అనుమానించండి. అది చాలా బండ్లలో ముందు చైన్ స్ప్రాకెట్ దగ్గర గ్రీజు బురదలో ఉండి, ఊడిపోతూనో తెగిపోతూనో ఉంటుంది.

సెల్ఫ్ బటన్‌ను విప్పేటప్పుడు లోపలి చిన్న స్ప్రింగు, రాగి పలక ఎగిరిపోకుండా కింద బట్ట పరుచుకోండి. రాగి పలక నల్లబడి ఉంటే ఉప్పు కాగితంతో తేలికగా రుద్దితే చాలు. నిరంతరం వానలో తడిసే బండికి ఏడాదికి ఒకసారి, వర్షాకాలం ముందు, ఈ పని చేయడం మంచిది.

ఐదో మెట్టు: సెల్ఫ్ మోటార్

బ్యాటరీ, తీగలు, రిలే అన్నీ బాగుండి, మోటార్ బోల్టు దగ్గర 10 వోల్టుల పైన అందుతున్నా అది తిరగకపోతే మాత్రమే మోటార్ విప్పాలి. బోల్టు చుట్టూ పెట్రోలు వాసన లేకుండా చూసుకుని, జంపర్ తీగతో ప్లస్ పోస్టు నుంచి మోటార్ బోల్టుకు ఒక్క క్షణం తాకించి కూడా నిర్ధారించుకోవచ్చు. స్క్రూడ్రైవర్‌తో రిలే బోల్టులను కలిపే అలవాటు అత్యవసరానికి పనికొస్తుంది కానీ, పెద్ద నిప్పురవ్వ లేస్తుంది, ట్యాంకు దగ్గర అది మంచి పద్ధతి కాదు.

మోటార్ విప్పాక ఎక్కువగా దొరికేది అరిగిన కార్బన్లే (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు). అవి పొట్టిగా మారి స్ప్రింగు ఒత్తిడి చాలక కమ్యుటేటర్‌ను (ఇరుసు మీద కరెంటు అందుకునే రాగి పలకల వరుసను) ఆనవు. కార్బన్ పొడి పేరుకుపోయి లోపల షార్ట్ కావడం కూడా ఉంటుంది. పొడిని బ్రష్‌తో దులిపి, కమ్యుటేటర్‌ను సన్నని ఉప్పు కాగితంతో మెరిపించి, రాగి పలకల మధ్య గాడులలోని మసిని గుండుసూదితో తీయండి. ఏ రెండు రాగి పలకల మధ్యనైనా మీటరు బీప్ ఇవ్వాలి. ఏ పలకకూ ఇరుసుకూ మధ్య బీప్ రాకూడదు, వస్తే వైండింగ్ కాలింది.

ఆరో మెట్టు: స్పార్క్

పనిచేస్తుందని తెలిసిన ప్లగ్‌ను క్యాప్‌కు తొడిగి, దాని ఒంటిని సిలిండర్ హెడ్‌కు ఆనించి కిక్ కొట్టండి. ప్లగ్ రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి బయటకు చిమ్ముతుంది కనుక పాత ప్లగ్‌ను రంధ్రంలోనే ఉంచి, కొత్తదాన్ని దూరంగా పెట్టి చూడాలి. నీడలో చూస్తే నీలంగా, ‘చిట్’ మనే శబ్దంతో స్పార్క్ రావాలి. పల్సర్ డి.టి.ఎస్.ఐ. వంటి రెండు ప్లగ్గుల బండిలో రెండింటినీ చూడండి. స్పార్క్ బాగుంటే పాత ప్లగ్‌ను మార్చి చూసి, అప్పటికీ అందుకోకపోతే విషయం కార్బురేటరుకు, కంప్రెషన్‌కు పోతుంది. ఈ మార్గదర్శి పని అక్కడితో ముగిసింది.

స్పార్క్ లేకపోతే చవకైన చోటు నుంచి మొదలుపెట్టండి. చాలా బండ్లలో ప్లగ్ క్యాప్‌ను హెచ్.టి. తీగ నుంచి మర తిప్పి తీయవచ్చు. తీగ చివర పచ్చబడి ఉంటే అర సెంటీమీటరు కోసి మళ్లీ బిగించండి. క్యాప్ నిరోధం సాధారణంగా 5 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటుంది. మీటరు ఏమీ చూపించకపోతే క్యాప్ పోయినట్లే.

తరువాతి పరీక్ష అన్నింటికంటే తేలిక, అయినా ఎక్కువగా మరచిపోయేది. స్ప్లెండర్ తరగతి పాత హీరో హోండా బండ్లలో సి.డి.ఐ. మ్యాగ్నెట్ కరెంటుతోనే నడుస్తుంది, బ్యాటరీ చచ్చిపోయినా కిక్‌కు స్టార్ట్ అవుతుంది. తాళం ఆపినప్పుడు నలుపు మీద తెల్ల గీత ఉన్న తీగ ఎర్త్‌కు తగిలి స్పార్క్‌ను ఆపుతుంది. ఆ తీగ ఎక్కడైనా ఒరుసుకుని ఫ్రేముకు తగిలినా, తాళం స్విచ్ లోపల తడి చేరినా, బండి ఎప్పుడూ ఆపి ఉన్నట్లే ప్రవర్తిస్తుంది. సి.డి.ఐ. కప్లర్ దగ్గర ఆ ఒక్క తీగను విడదీసి కిక్ కొట్టండి. స్పార్క్ వస్తే సి.డి.ఐ., కాయిళ్లు అన్నీ బాగున్నాయి. తీగనూ స్విచ్‌నూ వెతికితే చాలు. ఇంజిన్ స్టార్ట్ అయితే తాళంతో ఆగదు, సి.డి.ఐ. వైపు ఉన్న ఆ తీగ చివరను ఎర్త్‌కు తాకించి ఆపాలి. ఇతర కంపెనీల తీగల రంగులు వేరు, ఆ బండి వైరింగ్ బొమ్మను చూసుకోవాలి.

అప్పటికీ స్పార్క్ రాకపోతే సి.డి.ఐ. కప్లర్ ఊడదీసి, తీగల వైపు నుంచి కాయిళ్లను ఓమ్ స్కేలు మీద కొలవండి. పికప్ కాయిల్, మ్యాగ్నెట్ ఎక్సైటర్ కాయిల్ (సి.డి.ఐ.కి కరెంటు ఇచ్చేది) రెండూ సాధారణంగా వందల ఓమ్‌లలో ఉంటాయి. ఖచ్చితమైన అంకె బండిని బట్టి మారుతుంది కనుక సర్వీస్ మాన్యువల్‌తో పోల్చండి. మీటరు అసలు ఏ అంకే చూపించకపోతే కాయిల్ తెగినట్లు, సున్నా వస్తే షార్ట్ అయినట్లు. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా ఉండి, ఇంజిన్ వేడెక్కాక తెగే కాయిళ్లు కూడా ఉంటాయి. వేడికి ఆగిపోయి, అరగంట చల్లారాక స్టార్ట్ అయ్యే బండిలో, అది ఆగిన వెంటనే కొలిస్తేనే ఆ లోపం దొరుకుతుంది. ఎక్సైటర్ కాయిల్ తీగలను కిక్ కొడుతుండగా చేత్తో తాకవద్దు, గట్టి షాకు కొడుతుంది.

బ్యాటరీతో నడిచే సి.డి.ఐ. అయితే దాని ప్లస్ తీగకు సెల్ఫ్ నొక్కినప్పుడు కూడా 9 వోల్టుల పైన అందుతున్నదా అని చూడాలి. సి.డి.ఐ.ని మీటరుతో పరీక్షించి బాగోగులు తేల్చే నమ్మకమైన పద్ధతి లేదు. మిగిలినవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక, అదే మోడల్ బండి నుంచి తెచ్చి పెట్టి చూడటమే మార్గం. అందుకే దాన్ని చివర అనుమానించాలి తప్ప మొదట కాదు.

పాయింట్లున్న బుల్లెట్

పాత బుల్లెట్‌లో హెడ్‌లైటు పైన ఉండే ఆంపియర్ మీటరే మంచి పరీక్షా సాధనం. తాళం ఆన్ చేసి కిక్కర్‌ను నెమ్మదిగా కిందికి తొక్కుతూ ముల్లును చూడండి. పాయింట్లు కలిసినప్పుడు ముల్లు మైనస్ వైపు వాలాలి, విడిపోయినప్పుడు నడిమికి రావాలి. ఇలా ఊగుతుంటే తాళం నుంచి కాయిల్ మీదుగా పాయింట్ల దాకా దారి బాగుంది. ఎప్పుడూ నడిమిలోనే ఉంటే దారి ఎక్కడో తెగింది లేదా పాయింట్లు మసిబారి కలవడం లేదు. ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటే పాయింట్లు విడిపోవడం లేదు, లేదా కదిలే పాయింటు తీగ ఎర్త్‌కు తగులుతున్నది. పాయింట్లు మార్చిన వెంటనే ఇలా జరిగితే ఇన్సులేషన్ వాషరు తప్పు వరుసలో పెట్టి ఉంటారు.

పాయింట్లు పూర్తిగా విడిపోయిన స్థితిలో సందు 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. సన్నని ఆకురాయితో గుంటలు తీసి, చివర ఒక తెల్ల కాగితాన్ని మధ్యలో పెట్టి లాగండి. కాగితం మీద నల్ల చార రాకుండా అయ్యేదాకా అలా చేయాలి, ఎందుకంటే కొంచెం నూనె మిగిలినా స్పార్క్ బలహీనపడుతుంది. కిక్ కొట్టేటప్పుడు పాయింట్ల మధ్యనే పెద్ద మెరుపులు వస్తూ ప్లగ్ దగ్గర స్పార్క్ నీరసంగా ఉంటే కండెన్సర్ (పాయింట్ల మధ్య మెరుపును అణిచే భాగం) పోయింది. పాయింట్లు కలిసి ఉన్న స్థితిలో తాళం ఆన్ చేసి వదిలేయకండి, కాయిల్ వేడెక్కి పాడవుతుంది, బ్యాటరీ కూడా ఖాళీ అవుతుంది.

వచ్చిపోయే లోపాలు

ఒక రోజు స్టార్ట్ అయి మరొక రోజు కాని బండిలో, లోపం ఉన్నప్పుడే కొలవాలి. తాళం ఆన్ చేసి, న్యూట్రల్ లైటును చూస్తూ హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి. లైటు మినుకుమంటే హ్యాండిల్ మెడ దగ్గర వంగుతూ ఉండే వైరింగ్ లోపల తీగ తెగింది, పైన తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. తాళాన్ని కొద్దిగా కదిపినప్పుడు లైటు ఆరితే తాళం స్విచ్. కప్లర్లను ఒక్కొక్కటిగా విడదీసి లోపలి రాగి పిన్నుల రంగు చూడండి. గోధుమ రంగులో కరిగిన ప్లాస్టిక్ ఉన్న పిన్ను వదులై వేడెక్కినట్లు. చాలా రోజులు షెడ్డులో నిలిపిన బండికి సీటు కింద ఎలుకలు కొరికిన తీగలను కూడా వెతకాలి. అతికేటప్పుడు ఊరికే మెలిపెట్టి టేపు చుట్టకుండా, సోల్డర్ చేసి పైన ష్రింక్ ట్యూబు వేస్తే ఆ అతుకు వానకు తట్టుకుంటుంది.

స్టార్ట్ అయ్యాక చేయవలసిన రెండు కొలతలు

ఇంజిన్‌ను సుమారు 4000 నుంచి 5000 ఆర్.పి.ఎం. మీద ఉంచి బ్యాటరీ పోస్టుల మధ్య కొలిస్తే 13.8 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. 13 దాటకపోతే బ్యాటరీకి చార్జింగు అందడం లేదు: రెక్టిఫయర్ కప్లర్, దాని ఎర్త్, మ్యాగ్నెట్ చార్జింగు కాయిల్ చూడాలి. 15 దాటితే రెక్టిఫయర్ అదుపు తప్పింది. బ్యాటరీ నీళ్లు తరచుగా తగ్గడం, బల్బులు మాటిమాటికీ పోవడం దీని గుర్తులు.

రెండోది, తాళం ఆపి ఉన్నప్పుడు కరెంటు కారిపోతున్నదా అని చూడటం. బ్యాటరీ మైనస్ తీగ ఊడదీసి, మీటరును 10 ఆంపియర్ల స్కేలు మీద పెట్టి, ఎర్ర ముల్లు తీగను ఆంపియర్ రంధ్రంలోకి మార్చి, ఒక ముల్లు పోస్టుకు, మరొకటి ఊడదీసిన తీగకు ఆనించండి. గడియారమో అలారమో లేని పాత బండిలో ఇది సున్నా ఉండాలి. ఏదైనా కనిపిస్తే ముందు రెక్టిఫయర్ కప్లర్ విడదీయండి; అంకె సున్నాకు వస్తే దాని లోపలి డయోడ్ వెనక్కు కరెంటును వదులుతున్నది. రాకపోతే తరువాత తగిలించిన హారన్లు, అదనపు లైట్లు, మొబైల్ చార్జరు వంటివి ఒక్కొక్కటిగా విడదీసి చూడాలి. ఈ కొలత జరుగుతుండగా తాళం ఆన్ చేయకూడదు, సెల్ఫ్ అసలే నొక్కకూడదు, మీటరు లోపలి ఫ్యూజు వెంటనే పోతుంది. కొలత ముగిశాక ఎర్ర ముల్లు తీగను మీటరు వోల్టు రంధ్రంలోకి తిరిగి మార్చి పెట్టండి. ఆంపియర్ రంధ్రంలోనే మరచిపోయి మరోసారి బ్యాటరీ పోస్టుల మీద ఆనిస్తే నేరుగా షార్ట్ అవుతుంది.